పైడన్న వేసిన బల్లలు

అనగనగా ఒక రేవు. రేవు పక్కన ఒక ఉప్పుటేరు. ఏటి మీద ఒక కర్రవంతెన. ఆ వంతెనకి ఒక మనిషి.

ఆ మనిషి పేరు పైడన్న. అవి తెల్లదొరల రోజులు. ఏటికి అవతల ఓడల గట్టు, గిడ్డంగులు, కచేరీ. ఇవతల ఊరు. దొరలు పడవ మీద దాటేవారు. ఊరు ఊరంతా వంతెన మీద దాటేది. బస్తాలు మోసే కళాసీలు, ఉప్పు గంపలవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు, అందరికీ అదే దారి. ఆ వంతెనని చూసుకోవడం పైడన్న కొలువు. ఊడిన మేకు కొట్టేవాడు. తారు పూసేవాడు. పుచ్చిన బల్ల తీసి మంచి బల్ల వేసేవాడు.

పైన ఎండ కాల్చేది. కింద ఉప్పునీళ్లు నానబెట్టేవి. నీళ్లలో పురుగు కర్రని లోపల్నుంచి తినేది. బల్లలు కావాలంటే కచేరీలో అడగాలి. అవి రంగూన్ నుంచి ఓడ మీద రావాలి.

ఒక ఏడు వచ్చిన కలపంతా దొరల కొత్త బంగళాకి పోయింది. వంతెనకి ఒక్క ముక్క మిగల్లేదు.

ఆ ఏడే ఉప్పు మోసే నూకాలు కాలు పుచ్చిన బల్లలో దిగబడింది. ఎముక విరిగింది. పైడన్న కచేరీకి వెళ్లి గుమాస్తా ముందు నిలబడ్డాడు. బల్లలు లేవు, ఓడ రావాలి అన్నాడు గుమాస్తా. అందాకా జనం ఎలా దాటాలి బాబూ అని పైడన్న అడిగాడు. చూసుకుని దాటమను అన్నాడు గుమాస్తా.

పైడన్న వచ్చి ఆ కంతని చేత్తో కొలిచాడు. తర్వాత ఇంటికి వెళ్లి తలుపు ఊడదీశాడు. పెళ్లాం అప్పలకొండ బియ్యం చెరుగుతోంది. తలుపెందుకని అడిగింది. చెప్పాడు.

"కుక్కలొస్తే ఏటి చేస్తాం మావా?" అంది.

"తడిక కడతాను" అన్నాడు.

తలుపు వంతెనలో బల్లయింది. ఓడ రాలేదు.

కొన్నాళ్లకి ఒక కళాసీ బస్తాతో సహా ఏట్లో పడ్డాడు. ఈతొచ్చినవాడు గనక బతికాడు. పైడన్న మళ్లీ కచేరీకి వెళ్లాడు. ఓడ రావాలి అన్నాడు గుమాస్తా. పైడన్న ఇంటికొచ్చి బల్లమంచం విప్పాడు. అది అప్పలకొండ తండ్రి తన చేత్తో చేసి ఇచ్చింది. అంచుల్లో పువ్వులు చెక్కాడు. ఆ పూట అప్పలకొండ మొగుడితో మాట్లాడలేదు. చీకటిపడ్డాక మాత్రం చాప ఇద్దరికీ కలిపే పరిచింది.

మంచం వంతెనలో బల్లలయింది. ఓడ రాలేదు.

ఈసారి వంతెన అడుగున దూలమే పగిలింది. పైడన్న మూడోసారి కచేరీకి వెళ్లాడు. ఓడ రావాలి అన్నాడు గుమాస్తా. పైడన్న ఇంటికొచ్చి నడింట్లో నిలబడి పైకి చూశాడు. ఏం చూస్తున్నాడో అప్పలకొండకి తెలిసింది.

"దూలం తీస్తే ఇల్లుండదు మావా."

"తెలుసు. తియ్యకపోతే వంతెనుండదు."

అప్పలకొండ పొయ్యి ఆర్పింది. తర్వాత లేచి కొంగు నడుముకి చుట్టింది.

"అయితే ముందు తాటాకు దింపుదాం. లేకపోతే నువ్వు కిందుండగా కప్పు మీద పడిపోద్ది" అంది.

ఇద్దరూ తాటాకు దింపారు. దూలం చెరో కొసా పట్టుకుని ఏటిదాకా మోశారు. దారిలో చూసినవాళ్లు కచేరీవాళ్లు దూలం పంపారనుకున్నారు. పోనీలే, ఇప్పటికైనా పంపారు అనుకున్నారు. మొగుడూ పెళ్లాలు ఏమీ చెప్పలేదు.

గోడకి వెదుళ్లు ఆనించి, మీద తాటాకు కప్పుకుని ఆ మూల కాపురమున్నారు. ఓడ కంటే ముందు వానలు వచ్చాయి. పైడన్న తడిశాడు. జ్వరం వచ్చింది. దగ్గు పట్టుకుంది. వానలు వెలిసేలోపు పోయాడు.

మోసుకెళ్లడానికి కళాసీలు వచ్చారు. వాళ్ల మేస్త్రీ దాలయ్య గుమ్మంలో ఆగిపోయాడు. గుమ్మానికి తలుపు లేదు. ఇంట్లో మంచం లేదు. ఇంటికి కప్పు లేదు. జీతం ఉన్న మనిషి ఇల్లు ఇలా ఎందుకుందో అతనికి అర్థం కాలేదు. తాగుడు తప్ప మరో కారణం తోచలేదు.

"అంతా అమ్ముకుని తాగేశాడా చెల్లీ?" అని అడిగాడు.

అప్పలకొండ తలెత్తింది.

"మా ఆయన తాగడన్నా. రోజూ మీరు నడిచేది ఈ ఇంటి కర్ర మీదే."

పాడె ఎత్తారు. శ్మశానం ఏటికి అవతలే. అందరూ తల వంచుకుని వంతెన మీద నడిచారు. అప్పుడు కనిపించాయి. ఒక బల్లకి తలుపు గొళ్లెం ఊడిన గుర్తు. ఇంకొక బల్ల అంచున పువ్వులు. బల్లల సందుల్లోంచి చూస్తే, కింద దూలానికి పొయ్యి మసి.

దారి మధ్యలో శవాన్ని దింపి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవడం ఆనవాయితీ. ఎక్కడ దింపాలో దాలయ్య ఎవరినీ అడగలేదు. వంతెన మీదే దింపాడు. పైడన్నా అని మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ వెనకున్న కళాసీలంతా కలిసి పిలిచారు.

నూకాలు కుంటుకుంటూ వచ్చి అప్పలకొండని తన ఇంటికి తీసుకెళ్లింది. కళాసీలు ఒకరోజు పని మానేసి, అప్పలకొండ ఇంటికి కొత్త దూలం ఎత్తి, కప్పు వేసి ఇచ్చారు.

ఆ తర్వాత ఓడ వచ్చింది. టేకు బల్లలు దిగాయి. అతుకుల బల్లలు చూడ్డానికి బాగాలేవు, అన్నీ పీకించమని దొర హుకుం. గుమాస్తా వచ్చి కళాసీలకి చెప్పాడు. ఎవరూ గునపం పట్టలేదు. గట్టిగా చెప్పాడు. పట్టలేదు. కొలువు తీసేస్తానన్నాడు. అప్పుడూ పట్టలేదు. దాలయ్య మాత్రం, అవి మేం పీకం బాబూ, మీరే పీకండి అన్నాడు. గుమాస్తా గునపం వైపు చూశాడు, జనం వైపు చూశాడు. పడవెక్కి వెళ్లిపోయాడు. కొత్త బల్లలు చుట్టూ వేశారు. పైడన్నవి అక్కడే ఉండి, అక్కడే పుచ్చి, ఒకరోజు ఏటిలో కలిశాయి.

ఇప్పుడు ఆ ఏటి మీద ఇనుప వంతెన ఉంది. కళాసీలూ లేరు, దొరలూ లేరు. కానీ ఆ ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా, కలపలో ఒక బల్ల పక్కన పెడతారు. వీధిలో మురుక్కాలవ మీదో, బురద దారిలోనో నలుగురూ నడిచేచోట దాన్ని వేస్తారు. ఎవరు వేశారని అడిగితే ఒక్కరూ తమ పేరు చెప్పరు.

"పైడన్న వేశాడు" అంటారు.