ఎర్రమట్టి మరక

సోమిలి ఉండేలు ఎత్తి మట్టి ఉండ వదిలిందంటే మామిడికాయ తొడిమ తెగి కింద పడాల్సిందే. ఏం లాభం? భూమి పండగకి ఊరంతా కలిసి వెళ్లే వేటకి మాత్రం రావద్దన్నారు పెద్దలు. వేటకి వెళ్లాలంటే తాను కొట్టిన ఉడత తోక ఉండేలుకి కట్టి ఉండాలి. సోమిలి ఉండేలు బోసిగా ఉంది.

"మామిడికాయేమైనా ఉడతలా పరిగెడుతుందా ఏమిటే?" అని మావ కొడుకులు ఒకటే ఎగతాళి. పిల్లకి ఏడుపొచ్చింది. తిన్నగా బుచ్చన్న తాత దగ్గరికి పోయింది. ఆ కొండమీద ఉండేలు పట్టినవాళ్లందరికీ ఆయనే గురువు.

"తాతా, ఉడతని చూపించు చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"అబ్బో! పద మరి" అన్నాడు తాత.

ఆ ఊరి వేటగాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ఉండలు వాళ్ల మట్టితోనే చేసుకోవాలి. దెబ్బ తగిలిన చోట మట్టి అంటుకుంటుంది కాబట్టి, కొట్టిందెవరో తెలిసిపోతుంది, తగువుండదు. తాతది ఎర్ర పుట్టమన్ను. సోమిలిది వాగొడ్డు నల్లమట్టి.

వాగు పక్కన ఇప్పచెట్టు మీద ఉడత కనబడింది. సోమిలి అటు పరిగెత్తితే అది మాను ఇవతలికి వచ్చింది. ఇటు వస్తే అవతలికి పోయింది. గానుగెద్దులా తిరిగి తిరిగి, రొప్పుతూ కూలబడింది పిల్ల.

తాత నవ్వలేదు. తలగుడ్డ విప్పి అవతలి పొదకి తగిలించి, వచ్చి పక్కన కూర్చున్నాడు. గాలికి గుడ్డ ఆడింది. ఉడత బెదిరి ఇవతలికి వచ్చింది.

"ఇద్దరం కొడదాం. తప్పిందంటే కూర పోద్ది" అని గొణిగాడు.

రెండు ఉండలూ ఒక్కసారే వెళ్లాయి. ఉడత పడింది.

"నాదే! నా దెబ్బే తాతా!" అంటూ సోమిలి ఉరికింది. చేతిలోకి తీసుకుని చూస్తే మెడ మీద ఎర్రటి మట్టి మరక. ఎంత వెతికినా నల్లటిది లేదు. తాత తలగుడ్డ కోసం అటు వెళ్లాడు. సోమిలి గబగబా ఉడతని వాగులో ముంచి తీసింది.

"నెత్తురుంటే కడిగాను" అంది, ఆయన రాగానే.

"మంచిపని చేశావు" అన్నాడు తాత.

ఊళ్లో అందరి ముందూ ఆయనే చెప్పాడు, సోమిలి కొట్టిందని. తానే తోక కోసి ఆమె ఉండేలుకి కట్టాడు. మావ కొడుకులు నోళ్లు వెళ్లబెట్టారు. అమ్మ మురిసిపోయి దిష్టి తీసింది. కూర వండితే మాత్రం సోమిలికి ముద్ద దిగలేదు. అంత మోజుపడ్డ తోక, ఇప్పుడు దాని వంక చూడాలంటేనే సిగ్గేసింది.

పొద్దున్నే వెళ్లేసరికి తాత వాకిట్లో పుట్టమన్ను తడిపి ఉండలు చుడుతున్నాడు. సోమిలి తోక విప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇది నీది తాతా. ఎర్రమట్టి నేనే కడిగేశాను" అని బావురుమంది.

తాత తోక పక్కన పెట్టాడు. తడిమట్టిలో సగం తీసి ఆమె ముందుకి తోశాడు.

"నువ్వూ దీంతోనే చుట్టు. మళ్లీ పోదాం."

సోమిలి మట్టి తీసుకోబోయి ఆగింది.

"ఇద్దరిదీ ఒకటే మట్టయితే, ఎవరి దెబ్బో ఎట్టా తెలుస్తుంది తాతా?"

"నువ్వు చెబుతావుగా" అన్నాడు తాత.