కట్టి కట్టి మెత్తబడిన చీర

అనగనగా ఒక ఊళ్ళో, మరీ అంత దూరం కాదులే బుజ్జమ్మా, మన రైలు కూత వినపడేంత దూరంలోనే, సత్యవేణి అని ఒకావిడ ఉండేది. ఆవిడకి కొత్తవంటే ప్రాణం. చీర కాస్త వెలిసిందా, దుప్పటికి చిన్న చిరుగు పడిందా, ఇక ఆ గుడ్డ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. స్టీలు గిన్నెలమ్మే నూకాలు వీధిలోకి రాగానే మూటగట్టి ఇచ్చేసేది, బదులు ఒక గిన్నె పుచ్చుకునేది. ఇల్లంతా గిన్నెలే!

మంచి మంచి నూలు చీరలు కూడా ఉండేవి ఆవిడకి. కడితేగా? నలిగిపోతాయని బీరువాలో పెట్టి చూసుకుని మురిసిపోయేది.

అప్పుడు ఆవిడకి ఆడపిల్ల పుట్టింది. పాపం, సత్యవేణికి అమ్మ లేదు. అందుకని పురుడు అత్తగారే పోసింది. పుట్టిన బిడ్డకి కొత్త గుడ్డ కట్టకూడదు కదా, పాత నూలు చీర ముక్కే కట్టాలి. నీకూ అలాగే కట్టాం. "ఒక పాత చీర ఇలా తీసివ్వవే అమ్మాయ్" అంది అత్తగారు. సత్యవేణి బిక్కమొహం వేసింది. ఇల్లంతా వెతికినా పాత పీలిక ఒక్కటి లేదు. అత్తగారి చీరలు కూడా గిన్నెలైపోయాయి మరి! పోనీ పక్కింట్లో అడుగుదామా అంటే, వాళ్ళు ఆరేసిన వెలిసిన బట్టల్ని చూసి ఎన్నిసార్లు నవ్విందో. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

పట్టుగుడ్డ చుడితే జారిపోయింది. కొత్త తువ్వాలు చుడితే గరగరమంది. గంజి మడత విప్పని నూలు చీర చుడితే, పిల్ల ఒళ్ళంతా ఎర్రగా కందిపోయింది. అది గుక్కపట్టి ఒకటే ఏడుపు, పాలు కూడా తాగలేదు. దాన్ని చూసి సత్యవేణీ ఏడ్చింది.

ఆ తర్వాత వీధిలో నూకాలు కేక వినపడింది. సత్యవేణి కిటికీ దగ్గరికి పరుగున వచ్చింది.

"నూకాలూ, ఈ గిన్నెలన్నీ పట్టుకుపో, నా పాత చీర ఒక్కటి ఇచ్చెయ్యవే!"

"అయ్యో, అవి నా దగ్గరెందుకుంటాయమ్మా? ఎప్పటివప్పుడు హుసేన్‌బీ పాత సరుకుల కొట్టులో వేసేస్తాను. మీవి ఈపాటికి ఎవరో కొనుక్కునుంటారు. వేరేవేమన్నా ఉంటాయేమో, అయ్యగారిని పంపండి."

అప్పుడు సత్యవేణి మొగుడు గవరయ్య పరుగెత్తాడు. రోజూ ఆ కొట్టు ముందు మొహం తిప్పుకుని పోయే మనిషి, ఆ రోజు వంగి మరీ లోపలికి దూరాడు. హుసేన్‌బీ సంగతి విని, బట్టల గుట్టలోకి చెయ్యి పోనిచ్చి, తడిమి తడిమి ఒక చీర లాగింది. "ముట్టుకుని చూడు నాయనా, వెన్న!" అంది.

గవరయ్య కళ్ళు అప్పటికే కొట్టంతా తిరుగుతున్నాయి. ఒక మూల గుడ్డ ఊడిపోయిన గొడుగు ఊచలు. వాటి పక్కన జత పోయిన లక్క గాజులు, బుట్టెడు. ఎవరికీ అక్కర్లేనివి. ఆయనకి మాత్రం ఏదో తట్టింది. గుడ్డ కోసం వెళ్ళినవాడు మూడూ మోసుకుంటూ ఇంటికొచ్చాడు.

చీరని శుభ్రంగా ఉతికి, ఎండలో ఆరేసి పిల్లకి చుట్టారు. గవరయ్య గొడుగు విప్పి, ఊచకో గాజు కట్టి, పిల్లకి అందనంత ఎత్తులో ఉయ్యాల మీద వేలాడదీశాడు. ఎర్రవీ పచ్చవీ గాలికి గిరగిరా తిరిగాయి. పిల్ల చూసింది, చూసింది, అలా చూస్తూనే నిద్రపోయింది. అమ్మయ్య!

సత్యవేణి ఆ చీర చెంగు పట్టుకుని చూసింది. ఒకచోట చిరుగు పడితే ఎవరో సన్నగా కుట్టుకున్నారు. 'ఏ తల్లో, ఎన్నేళ్ళు కట్టి ఉతికితే ఇంత మెత్తనైందో' అనుకుంది. తన బీరువా గుర్తొచ్చింది. ఎవరి బిడ్డకైనా ఇవ్వడానికి అందులో మెత్తనిది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆవిడకి చాలా సిగ్గేసింది.

మర్నాటి నుంచి ఆ చీరలన్నీ తీసి కట్టడం మొదలుపెట్టింది. కట్టుకునే వంట చేసింది, కట్టుకునే పిల్లని ఎత్తుకుంది. పిల్ల పాలు కక్కితే ఉతికి ఆరేసి మళ్ళీ అదే కట్టింది. పిల్ల పరుగులు పెట్టే నాటికి ఒక చీర బాగా మెత్తబడింది. అప్పుడు ఆవిడ దాన్ని నూకాలుకి వెయ్యలేదు. పిల్లని చంకనేసుకుని, స్వయంగా వెళ్ళి హుసేన్‌బీ చేతిలో పెట్టింది.

"పురిటిపిల్ల కోసమని ఎవరైనా వస్తే ఇది ఇవ్వు హుసేన్‌బీ. వాళ్ళ కోసమే కట్టి కట్టి మెత్తన చేశాను" అంది.

కథేమో కంచి బండెక్కింది,
ఇల్లేమో మనకు దక్కింది,
నిద్రేమో నీ రెప్ప నొక్కింది.