నక్కకు ఎదురొచ్చిన బాతు

చెరువనాలో సముద్రమనాలో తెలియనంత పెద్ద చెరువు ఒకటి. దాని గట్టు పక్కన ముళ్ళకంప చుట్టిన దొడ్డి. ఆ దొడ్డిలో కోళ్ళూ బాతులూ ఎంతమందంటే, అందరూ ఒక్కసారి రెక్కలు విదిలిస్తే పక్క ఊళ్ళో ఆరేసిన బట్టలు ఎగిరిపోయేవి. వాళ్ళకి పెద్ద కోటయ్య అనే పుంజు. తను కూయకపోతే సూర్యుడు దుప్పటి తియ్యడని కోటయ్య నమ్మకం. ఆయనకి ముగ్గురు పెళ్ళాలు. ముగ్గురూ ఒకే గంపలో గుడ్లు పెట్టి, వాటిని ఎవరు పొదగాలని పొద్దస్తమానం పోట్లాడుకునేవారు.

ఆ దొడ్డిలోనే వరదమ్మ అనే బాతు ఉండేది. కిందటి వానాకాలంలో మొగుడు నత్త గొంతుకడ్డం పడి పోయాడు. అది ఏనుగు మింగాల్సిన నత్త, నీకెందుకయ్యా అని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. వినలేదు. వరదమ్మ ఏడ్చిన ఏడుపుకి చెరువు మూరెడు పెరిగి, చేపలకి నీళ్ళు ఉప్పగా తగిలాయి. ఆ తర్వాత ఒకనాడు ఆవిడకి ఆకలేసింది. తింది. మర్నాడూ తింది. ఏడాది తిరిగేసరికి ఆవిడ ఒళ్ళు ఎంత నిగనిగలాడిందంటే, పెట్టలు ఆవిడ వీపులో ముఖం చూసుకుని ఈకలు దువ్వుకోవచ్చు.

అదే ఎవరికీ మింగుడుపడలేదు. మొగుడు పోయినది చిక్కిపోవాలి గానీ ఇదేం చోద్యమమ్మా అని కోటయ్య పెద్ద పెళ్ళాం నూకాలు ముక్కున వేలేసుకునేది. కోడికి వేళ్ళుండేది కాలికి గనక, ఒంటికాలి మీద నిలబడి మరీ వేసుకునేది.

వరదమ్మకి మిగిలిన కష్టం ఒక్కటే, నిద్ర. పక్కన వెచ్చదనం లేక ఒక కన్ను మూతపడితే రెండోది పడేది కాదు. ఎలాగూ మెలకువే గదా అని కంపలో కంత పడినచోట, అందరూ బయటికెళ్ళే దారి పక్కనే పడుకునేది. గుంటయ్య అనే నక్క ఆ కంతలో మూతి పెట్టినప్పుడల్లా ఆవిడ అరిచి ఊరి కుక్కలన్నిటినీ లేపేది. పరిగెత్తీ పరిగెత్తీ గుంటయ్య కాళ్ళరిగి బెత్తెడు పొట్టివాడయ్యాడు. ఆవిడ కన్ను తెరుచుకుని ఉన్నన్నాళ్ళూ ఆ దొడ్డి తనది కాదని దొడ్డివాళ్ళకి తెలియకపోయినా నక్కకి తెలుసు.

ఒకనాడు పట్టపగలు గుంటయ్య ఒళ్ళంతా బూడిద పూసుకుని కంపకి అవతల కూర్చుని శకునాలు చెప్పడం మొదలెట్టాడు. నక్క తోక తొక్కితే అదృష్టం పడుతుందని లోకమంతా అంటుంది గదా, ఆ తోక ఇదే అని చూపించాడు. కోటయ్య మెడ గజం సాగింది. ఈ ఏడు గుడ్లన్నీ మురిగిపోతున్నాయి, ఎందుకో చెప్పమన్నాడు.

గుంటయ్య కళ్ళు మూసుకుని ఆకాశం చూశాడు. "పొద్దున్నే మీకు ఎదురొచ్చే ముఖం ఎవరిది?"

"వరదమ్మది."

"మొగుడు లేని ముఖం. ఇంకెక్కడి పిల్లలయ్యా?"

దాంతో అందరికీ అన్నీ గుర్తొచ్చాయి. ఒకతెకి కాలు బెణికిన రోజున వరదమ్మే ఎదురొచ్చిందిట. ఇంకొకతెకి నోటిదాకా వచ్చిన వానపాము జారిపోయిన రోజున. కోటయ్యకి ఒకసారి కూత మధ్యలో దగ్గొచ్చింది, అదీ ఆవిడ మీదే పడింది. గుడ్ల మీద ఎవరూ కుదురుగా కూర్చోలేదన్న సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తురాలేదు.

పొద్దు వాలేలోగా వరదమ్మ దొడ్డి వదిలి చెరువుగట్టు తుంగలో ఉండాలని కోటయ్య తీర్పు చెప్పాడు. ఆవిడ ఎవరికైనా ఎదురొస్తే వాళ్ళు వెనక్కి తిరిగి, ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగి, ఆ పూటకి ఆ పని మానుకోవాలని గుంటయ్య పైన ఒక ముక్క తగిలించాడు.

తుంగలో ఒంటరి బాతు ఎన్నాళ్ళుంటుందో, కాపలా లేని కంత వెనక వీళ్ళెన్నాళ్ళుంటారో వరదమ్మకి తెలుసు. పాకలో నెమరేస్తున్న బసవయ్య అనే ఎద్దు దగ్గరికి వెళ్ళింది. బసవయ్యతో కాడి మోసిన ఎద్దు కూడా కిందటేడే పోయింది.

"అన్నయ్యా, నీ జోడు పోయినప్పుడు నిన్నేమన్నారు?"

బసవయ్య నెమరు ఆపి ఆలోచించాడు. ఆయన ఆలోచన తెమిలేసరికి మామూలుగా ఒక పంట కోతకొస్తుంది. "పాపం అన్నారమ్మా. తవుడు రెండింతలు పెట్టారు."

"నీకు తవుడు, నాకు తుంగా?"

వెళ్ళి కోటయ్యని ఒక్క కుమ్ము కుమ్మి వస్తానని బసవయ్య లేవబోయాడు. వరదమ్మ ఆపింది.

"కుమ్మితే జడుస్తారు గానీ మనసు మారదు. నా ముఖానికి పనులు చెడగొట్టే బలముందని ఆ నక్కే చెప్పాడు. ఆ బలమేదో ముందు ఆయన మీదే చూద్దాం. నువ్వు మాత్రం ఇవాళ్టినుంచి ఆ కంత లోపలి పక్కన పడుకో."

వెళ్ళేముందు అందరూ చూస్తుండగా ముక్కు వంచి, ఎంతో అణకువగా అడిగింది. "గుంటయ్య గారూ, ఈ శాస్త్రం మాలాంటి అల్పులకేనా, తమబోటి గొప్పవాళ్ళక్కూడానా?"

గొప్పవాళ్ళన్న మాట గుంటయ్యకి కల్లులా నెత్తికెక్కింది. "పులికైనా తప్పదు. నాకే నువ్వు ఎదురొచ్చావనుకో, నోట్లో ముద్ద ఉమ్మేసి బొరియకి పోవాల్సిందే."

"విన్నావా కోటయ్య బావా?" అంది వరదమ్మ. విన్నానన్నాడు కోటయ్య.

ఆ సాయంత్రమే గుంటయ్య పెదాలు నాక్కుంటూ గట్టు మీద వచ్చాడు. వరదమ్మ తుంగలోంచి లేచి దారి మధ్యలో నిలబడింది. అవతలి ఒడ్డున గేదెలు తలెత్తేంత గొంతుతో, ఎదురొచ్చాను గుంటయ్య గారూ అని పలకరించింది. కంప మీద మెడలు వరసగా లేచాయి. ఎత్తిన కాలు గాల్లో ఉండగానే గుంటయ్య ఆగాడు. ముందుకెళితే శాస్త్రం అబద్ధమవుతుంది, మళ్ళీ ఆ కంప దగ్గరికి ఎవరూ రానివ్వరు. మీదికి దూకితే ఇటూ అటూ నీళ్ళే, బాతు జారిపోతుంది. పళ్ళు కనిపించేలా నవ్వి వెనుదిరిగాడు. ఎంత నిష్ఠో చూశారా అని కోటయ్య మురిసిపోయాడు.

మర్నాడు పొలాల దారిన వచ్చాడు. కాలవలో ఈదుకుంటూ వరదమ్మ ముందే వచ్చి కూర్చుంది. రాళ్ళగుట్ట చుట్టి వస్తే గుట్ట మలుపులో వరదమ్మ. ఎటొచ్చినా కంప మీద ఆ మెడలన్నీ చూస్తూనే ఉన్నాయి. నక్క ఎంత చిక్కాడంటే ఎండలో నిలబడితే నీడ పడేది కాదు, ఈగ వాలితే తూలిపోయేవాడు. వరదమ్మ మాత్రం తుంగలో నత్తలన్నీ తిని ఇంకాస్త నిగనిగలాడింది. ఒక్కతే పడుకున్నప్పుడు మొగుడు గుర్తొచ్చేవాడు. ఉంటే ఎంత బాగుండేదో అనుకునేది. లేడు గనక నేను బాగుండకూడదని ఎక్కడుంది, అని కూడా అనుకునేది.

చివరికొక సాయంత్రం ఆకలికి కళ్ళు తిరుగుతూ గుంటయ్య కంతదాకా వచ్చేశాడు. సరిగ్గా కంత ముందు వరదమ్మ.

"ఎదురొచ్చాను గుంటయ్య గారూ. ముద్ద ఉమ్మెయ్యండి."

గుంటయ్యకి శాస్త్రం, నిష్ఠ, తెలివి అన్నీ ఒక్కసారే అడుగంటాయి. "తప్పుకోవే. నీ ముఖంలో ఏముంది, అందరి ముఖాల్లాంటి ముఖమే. మొగుడు పోతే గుడ్లు మురుగుతాయా ఎక్కడన్నా? నమ్మే వెర్రిపుంజు దొరికాడు గనక చెప్పాను" అని అరిచి కంతలో తల దూర్చాడు.

ఆ వెర్రిపుంజు సరిగ్గా ఆ కంత మీదే కూర్చుని ఉన్నాడు. తురాయి ఎరుపంతా దిగి తెల్లబడిపోయింది.

చిక్కి సగమైన నక్క ఒళ్ళు సూదిలో దారంలా లోపలికి దూరిపోయింది. ఆఖరున తోక వచ్చింది. దాని మీద బసవయ్య గిట్ట దిగింది.

"అదృష్టమట గదా," అన్నాడు బసవయ్య నిదానంగా. "ఎలా ఉంటుందో చూద్దామని."

ఆ అదృష్టం తమకీ కావాలని కోళ్ళూ బాతులూ ఒకర్నొకరు తోసుకుంటూ వచ్చి తొక్కారు. నూకాలు రెండుసార్లు తొక్కింది. చివరికి గుంటయ్య సగం తోక అక్కడే వదిలేసి పెట్టిన పరుగుకి దుమ్ము లేచి, మూడు ఊళ్ళవాళ్ళు గాలివానొస్తోందని తలుపులు వేసుకున్నారు.

కోటయ్య తల దించుకుని గట్టు మీదికి వచ్చాడు. లోపలికి రమ్మన్నాడు. ఇక ముందు ఎవరూ మాట అనకుండా తనే నాలుగో పెళ్ళాంగా చేసుకుంటానని ఔదార్యం కూడా చూపించాడు.

వరదమ్మ నవ్విన నవ్వుకి తుంగంతా ఊగింది. "బావా, నేను ఒకడితో కాపురం చేశాను, బాగానే ఉన్నాను. ఇప్పుడు ఒక్కదాన్నీ బాగానే ఉన్నాను. నా కంత నాకిచ్చెయ్యి, చాలు. ఆ నాలుగో పెళ్ళాన్ని మేపే గింజలు ఉన్న ముగ్గురికీ పెట్టు, పోట్లాట మాని ఎవరో ఒకరు గుడ్ల మీద కూర్చుంటారు."

ఆ మాటకి మొదట నవ్వింది నూకాలే. వెళ్ళి గంపలో కూర్చున్నదీ ఆవిడే. పిల్లలు లేచాయి, దొడ్డి చాలక కంప జరపాల్సినన్ని. పొద్దున్నే కంత దగ్గర వరదమ్మ ముఖం చూడందే వాటిలో ఒక్కటి కూడా మేతకి కదిలేది కాదు.

ఎదురొచ్చిన ముఖం చూసి ఆగిపోయేవాడికి వెనకొచ్చే నక్క కనబడదు.