పటంలో లేని తీతువు

ఒకప్పుడు తీతువు పిట్ట అరిచేదే కాదు. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. ఇప్పుడు బీడు నేలలో అడుగు పెడితే చాలు నెత్తిమీదకొచ్చి గోల చేసే ఆ పిట్టే, ఆ రోజుల్లో గుసగుస తప్ప గట్టిగా మాట్లాడి ఎరగదు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసుకుని, రాళ్ళలాంటి గుడ్లు పెట్టి, వాటి మీద కిక్కురుమనకుండా కూర్చునేది. నక్క వచ్చినా, పాము వచ్చినా కనిపెట్టలేక పక్కనుంచే పోయేవి. నోరు మూసుకుంటే ఏ బాధా లేదనుకునేది పాపం.

ఆ రోజుల్లోనే రాజుగారికి తన రాజ్యం ఎంతుందో చూసుకోవాలని బుద్ధి పుట్టింది. పటం గీయమని పానకయ్యని పంపాడు. పానకయ్య తాడు పట్టి నేల కొలుస్తాడు, ఊరూరా ఆగి పేరు అడిగి రాసుకుంటాడు. మనుషులు కనపడని చోట ఆయనకో పద్ధతి ఉంది. మూడుసార్లు కేకేస్తాడు. ఎవరూ పలక్కపోతే ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని పటం మీద రాసేస్తాడు. వంగి చూడ్డం మాత్రం చచ్చినా చేయడు!

అలాగే గులకరాళ్ళ బీటికీ వచ్చి కేకేశాడు. “ఎవరండీ ఇక్కడ?”

తీతువు అప్పుడు నాలుగు గుడ్ల మీద కూర్చునుంది. ఆయన చెప్పుకి జానెడు దూరంలో! అలవాటు లేదు కదా, పలకలేదు. రెండో కేకకి తొండ కళ్ళు మూసుకుంది. మూడో కేకకి కుందేలు పొదలోకి దూరింది. పానకయ్య కలం తీసి రాసేసి, చక్కా పోయాడు.

వారం తిరక్కుండా కుందేలు రొప్పుకుంటూ వచ్చింది.

“అక్కా, కొంప మునిగింది! రాజుగారు పటం చూశాడట. ఎవరూ లేని చోటే కదా అని ఈ బీటి మీదుగా బండ్లబాట వేయమన్నాడట. రేపు పొద్దున్నే బండ్లొస్తాయి!”

“మరి నా గుడ్లో?”

“నీకు గుడ్లున్నాయని రాజుగారికెలా తెలుస్తుంది? పటంలో లేవుగా!”

తీతువుకి ఒళ్ళు మండిపోయింది. గుడ్ల మీద మొగుణ్ణి కూర్చోబెట్టి, రివ్వున ఎగిరి పానకయ్య అరుగు మీద వాలింది. అంత కోపంలోనూ గొంతు పెద్దది చేయడం చేతకాలేదు.

“ఏమయ్యా పటాలాయనా, మా బీట్లో ఎవరూ లేరని రాశావట. మరి నేనెవర్ని?”

పానకయ్య పటం విప్పి, వేలు పెట్టి తీరిగ్గా వెతికాడు. “లేవే!”

“నీ ఎదురుగా నిలబడ్డాను కదయ్యా!”

“నిలబడ్డావు, కాదనను. పటంలో మాత్రం లేవు. మూడుసార్లు పిలిచాను, పలికావా?”

“పలక్కపోతే లేనట్టేనా? గుడ్ల మీదున్నదాన్ని లేచొచ్చి నీకు మంచినీళ్ళివ్వాలా? ఒక్కసారి వంగి చూస్తే నీ నడుం విరిగేదా?”

“రాజముద్ర పడిపోయింది పిట్టా, ఇంక దిద్దడానికి లేదు. పోయి ఏ చెట్టో ఎక్కు. రెక్కలున్నాయిగా!”

“నాకున్నాయి. నా గుడ్లకున్నాయా?”

పానకయ్య పటం చుట్టుకుని లోపలికి పోయాడు. చూశారా న్యాయం! ఉన్నవాళ్ళని లేరని రాసింది ఆయన, ఇల్లు ఖాళీ చేయాల్సింది ఈవిడ!

దారిలో కాకి కూడా అదే పాట పాడింది. “నా పక్క కొమ్మ ఖాళీగానే ఉంది, వచ్చెయ్ వదినా.”

“మా అమ్మ ఈ నేల మీదే పొదిగింది. వాళ్ళమ్మా ఇక్కడే పొదిగింది. ఇప్పుడు నేను చెట్టెక్కితే ఆయన రాసిన అబద్ధం నిజమైపోదూ? ఎక్కను గాక ఎక్కను!” అంది తీతువు.

తెల్లారింది. బండ్లు వచ్చాయి. అన్నిటికన్నా ముందు పానకయ్య, చూపంతా చేతిలోని పటం మీదే. ఆయన వెనకే సింగన్న తోలుతున్న మొదటి బండి. ఎడ్లు బుసలు కొడుతున్నాయి, చక్రాల కింద గులకరాళ్ళు పటపటా పగులుతున్నాయి. ఇంకో నాలుగడుగులు. రెండడుగులు.

తీతువు గుడ్ల మీదనుంచి లేచింది. పానకయ్య నెత్తిమీదకి ఎగిరి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తింది.

“ఉన్నాం! ఉన్నాం! ఇక్కడే ఉన్నాం!”

అబ్బో, ఏం గొంతు! దానికే తెలియదు తనకంత గొంతుందని. మొగుడు తీతువు కూడా అందుకుంది. ఎడ్లు బెదిరి నిలబడిపోయాయి. సింగన్న బండి మీదనుంచి తొంగి చూసి, “పానకయ్యగారూ, కాలు దించకండి! కింద చూడండి!” అని కేకేశాడు.

పానకయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, వంగి చూశాడు. చెప్పు కింద నాలుగు గుడ్లు. అందులో ఒకటి సన్నగా చిట్లి, లోపలినుంచి టిక్కు టిక్కుమంటోంది.

“రాళ్ళనుకున్నానే తల్లీ,” అన్నాడు.

“రాళ్ళని ఎవరైనా పొదుగుతారా?”

పానకయ్య మెల్లగా కాలు వెనక్కి తీశాడు. “పటం దిద్దడం నా చేతిలో లేదు. బండ్లు తిప్పడం ఉంది,” అని, సింగన్నకి చెయ్యి ఊపాడు. బండ్లన్నీ ఆ గుంట చుట్టూ తిరిగి పోయాయి. బాట అలాగే వంకరగా పడింది.

తర్వాత ఆ బాట చూపిస్తూ పానకయ్యే కొత్త పటం గీశాడు. వంకర ఉన్నదున్నట్టు గీశాడు. పాత పటంలోని మాటలు కూడా ఉన్నవున్నట్టే దించేశాడు. చదును నేల, కొండ లేదు, చెరువు లేదు, తిన్నగా పోయే బాట మధ్యలో వంకర తిరిగింది. పక్కనే ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని రాసుంది. ఎవరూ లేకపోతే బాట ఎవరికి తప్పుకుందో ఒక్కరైనా అడగాలా వద్దా?

తీతువు అడిగింది. “వంకర గీశావు సరే, మేమున్నామని రాయడానికి చెయ్యి రాలేదా?”

పానకయ్య తల దించుకుని పోయాడు. తీతువు కోపం మాత్రం చల్లారలేదు. నాలుగు పిల్లలూ బయటికి రాగానే, నడక కన్నా ముందు వాటికి అరుపు నేర్పింది.

అప్పటినుంచే తీతువు చెట్టెక్కదు. గుడ్లు నేల మీదే పెడుతుంది. అది అరిస్తే అపశకునం అంటారు కొందరు. అపశకునమా, నా మొహమా! ఎవరు బీట్లో అడుగు పెట్టినా సరే, మూడు కేకలదాకా ఆగదు. పిలవకముందే నెత్తిమీదకొచ్చి పలుకుతుంది.

“ఉన్నాం! ఉన్నాం! ఇక్కడే ఉన్నాం!”