పాలు–పదకొండు

శౌరికి క్రిస్మస్ వస్తోందంటే కోపం వచ్చేది. పండుగ మీద కాదు, పండుగనాటి పలక మీద.

అతను కొండ మీది మఠానికి వచ్చి పద్నాలుగు నెలలైంది. వయసు ఇరవైమూడు. ఇంకా సన్యాసం పుచ్చుకోలేదు, నేర్చుకునే దశలో ఉన్న బ్రదర్. ఆరేళ్ళలో ఆ మఠం మెట్లెక్కిన కొత్తవాడు అతనొక్కడే.

అక్కడ తొమ్మిదిమంది సన్యాసులున్నారు. ప్రార్థన చేస్తారు, చీజ్ చేస్తారు. చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు గెడ్డ వాగు దాటి, కొండెక్కి పాలు తెచ్చి పోస్తారు. ఆ పాలు చల్లటి నేలగదిలో నెలల తరబడి పండి, తిరగలి రాళ్ళంత దిమ్మలవుతాయి. పైన గోధుమరంగు తొక్క, లోపల వెన్నలాంటి మెత్తన.

ఏటా క్రిస్మస్ పూజ అయ్యాక వసారాలో పొడవాటి పనస పలక వేస్తారు. దాని మీద చీజ్, పొగలో ఆరబెట్టిన పంది మాంసం, మేక ఉప్పుకండ, రాగిపిండితో చేసిన చోడి రొట్టెలు, జామ ముక్కలు, నారింజ తొనలు, గిన్నెలో తేనె. కుర్చీలుండవు. వచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడి, కావలసింది కోసుకుని తింటారు.

పోయినేడు శౌరి అదంతా చూశాడు. కార్లలో వచ్చినవాళ్ళు ముందు చేరి దిమ్మల నడిమి మెత్తనంతా కోసుకుపోయారు. పాలు పోసిన ఆడవాళ్ళు వచ్చేసరికి పలక మీద తొక్కా, రొట్టె పొడీ మిగిలాయి.

ఈ ఏడు పండుగకి వారం ముందు, మఠం పెద్ద ఇన్నాసి స్వామి నేలగదిలో దిమ్మల్ని ఉప్పునీటి గుడ్డతో తుడుస్తున్నాడు. శౌరి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“స్వామీ, ఆ పలక అన్యాయం.”

“చెప్పు.”

“పాలు పోసినవాళ్ళకి తొక్క, కార్లలో వచ్చినవాళ్ళకి గుజ్జు. శ్రమ ఒకరిది, రుచి ఇంకొకరిది. మనం పెడుతున్నది విందు కాదు, దోపిడీకి ఆశీర్వాదం. వాళ్ళకి కావలసింది దానం కాదు, న్యాయం.”

ముసలాయన దిమ్మని తిప్పి రెండోవైపు తుడిచాడు.

“ఆ మాట ఏ పుస్తకంలోది?”

“పుస్తకంలో ఉంటే అబద్ధమవుతుందా?”

“లేదు లేదు. బాగుందని అడిగాను.”

శౌరి ఇంకో అడుగు ముందుకేశాడు. “ఈసారి కూడా అలాగే జరిగితే, పండుగ సాయంత్రం నాలుగింటి బస్సుకి దిగిపోతాను. మళ్ళీ రాను.”

గుడ్డ ఆగింది. స్వామి దాన్ని ఉప్పునీళ్ళలో జాడించి పిండాడు.

“సరే,” అన్నాడు. “ఈసారి పలక నువ్వే సర్దు. ఎవరికి ఏది, ఎంత, అంతా నీ ఇష్టం. నేను వేలు పెట్టను.”

శౌరి ఆ జవాబు ఊహించలేదు. పోట్లాటకి వచ్చినవాడికి తలుపు తీసి పెట్టినట్టయింది. నేలగది మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. ముసలాయన అప్పుడే ఇంకో దిమ్మ అందుకున్నాడు.

పండుగనాడు తెల్లవారకముందే శౌరి పనిలోకి దిగాడు. పలక మీద విడిగా ఏమీ పెట్టలేదు. నలభైమూడు అడ్డాకు దొన్నెలు కుట్టి వరుసగా పేర్చాడు. దిమ్మల్ని కోసి, నడిమి మెత్తన ఒక పక్క, తొక్క ముక్కలు ఒక పక్క పెట్టాడు. త్రాసు తెచ్చి తూచాడు. పదిహేడు దొన్నెల్లోకి మెత్తన, పల్చగా కోసిన పంది మాంసం. మిగతా ఇరవైఆరింటిలోకి తొక్క, ఉప్పుకండ కొసలు. ఒక్కో దొన్నెకి ఒక్కో చీటీ గుచ్చాడు.

వంటింటి బ్రదర్ లూర్దయ్య రొట్టెల గంపతో వచ్చి చూశాడు.

“ఏంటయ్యా ఇది, పెళ్ళిలో పులిహోర పంచినట్టు?”

“ఈసారి తొక్క ఎవరికి వెళ్ళాలో వాళ్ళకే వెళ్తుంది.”

లూర్దయ్య వంగి ఒక చీటీ చదివాడు. “పట్టాభిగారికా? ఆయనవి కట్టుడు పళ్ళు, పాపం.”

“చరిత్ర ఎవరి పళ్ళూ చూడదు, బ్రదర్.”

“చరిత్ర చూడకపోతే పోనీ. పళ్ళు ఊడితే నా వంటింట్లోకే వస్తాడు, గంజి కావాలని.” లూర్దయ్య గంప దించి వెళ్ళిపోయాడు.

పూజకి ముందు ఇన్నాసి స్వామి వసారాలోకి వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని పలక ఈ కొసనుంచి చదవడం మొదలుపెట్టాడు. చదివింది పైకే చదివాడు, మెల్లగా.

“శ్రీ వి. పట్టాభి, ఎస్టేట్ మేనేజర్. శ్రీ బుల్లిరాజు, రోడ్ల కాంట్రాక్టర్. శ్రీమతి బుల్లిరాజు. శ్రీ దయానిధి, రిటైర్డ్ డాక్టర్...”

అన్నీ గుండ్రటి అక్షరాలు. ఒక్క ఇంటిపేరు తప్పలేదు. ఇరవైఆరూ అయ్యాక స్వామి రెండో వరుసకి వచ్చాడు.

“పాలు–ఒకటి. పాలు–రెండు. పాలు–మూడు...”

పదిహేడూ అదే గొంతుతో, అంతే శ్రద్ధగా చదివాడు. తర్వాత వెనక్కి నడిచి, మధ్యలోంచి ఒక దొన్నె చేతిలోకి తీసుకున్నాడు.

“పాలు–పదకొండు. ఇది ఎవరిది?”

“పాలు పోసే ఆవిడది.”

“ఏ ఆవిడ?”

“ఎవరైనా ఒకటే స్వామీ. పదిహేడూ సమానం. తూచాను.”

స్వామి దొన్నెకి గుచ్చిన చీటీ తీసి వెనక్కి తిప్పి చూశాడు. అటువైపు ఖాళీగా ఉంది. జేబులోంచి చిన్న పెన్సిల్ తీసి, ఆ రెండూ శౌరి చేతిలో పెట్టాడు.

“పాలు పది గంటలకి వస్తాయి,” అని పూజకి వెళ్ళిపోయాడు.

పూజ జరుగుతున్నంతసేపూ శౌరి ఆ చీటీ గురించే ఆలోచించాడు. వేలు పెట్టనన్నాడు, పెట్టలేదు. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. ఖాళీ కాగితం ఎందుకిచ్చినట్టు? పాలు వస్తే తనకేమిటి?

పది గంటలకి వెళ్ళాడు. పాల కొట్టం మఠం వెనక, కొట్లకి అవతల ఉంది. ఆ వేళకి అక్కడికి రావడం అతనికి అదే మొదలు. రోజూ ఆ గంట చదువుల గదిలో గడుస్తుంది. కొలత దగ్గర ఆడవాళ్ళు వరసలో ఉన్నారు, నడుం మీద ఒకరు, తల మీద ఒకరు క్యాన్లు పెట్టుకుని. చలికి నోళ్ళలోంచి ఆవిర్లు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు.

శౌరి ముందున్న పెద్దావిడ దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, మీ పేరేంటి?”

ఆవిడ చెయ్యి నోటి మీదకి పోయింది. వెనక్కి తిరిగి కేక పెట్టింది.

“ఒలే ముత్యాలూ! ఈ బ్రదరుకి మాటలొచ్చాయే!”

వరసంతా కదిలింది. ఒకావిడ క్యాను దించి మరీ చూసింది.

“మాటలు రావడమేంటి?” అన్నాడు శౌరి.

“ఏడాది బట్టి చూస్తన్నాం బాబూ. మా పక్కనించే ఎల్తావు, పుస్తకం అట్టుకుని. ఒక్క మాట నేదు. పాపం మూగోడు, అందుకే స్వాములోరు ఉంచుకున్నారు అనుకున్నాం.”

“నేనైతే మొక్కుకున్నాను కూడా,” అంది ముత్యాలు అనే పడుచు, కొంగు నడుముకి దోపుకుంటూ. “ఈడికి మాటొస్తే కోడిని కోస్తానని. ఇప్పుడు కొయ్యాలి. ఆ కోడేదో నువ్వే ఇయ్యి.”

అందరూ నవ్వారు. శౌరి చెవులు కాలాయి. ఈ ఆడవాళ్ళ గురించి అతను భోజనాల దగ్గర మాట్లాడాడు. పొలంలో మాట్లాడాడు. మౌనం పాటించే వేళల్లో కూడా మాట్లాడి మందలింపులు తిన్నాడు.

“నా పేరు కాసులమ్మ. మాది గుమ్మడిగెడ్డ,” అంది పెద్దావిడ, నవ్వాపుకుని. “ఎందుకు బాబూ?”

శౌరి చీటీ వెనక రాసుకున్నాడు. తర్వాత మెల్లగా, తను వారం రోజులుగా దాచుకున్న మాట చెప్పాడు.

“ఈసారి మీకు నడిమి మెత్తన పెడుతున్నాం. తొక్క ఇక మీకు రాదు.”

కాసులమ్మ మొహంలో నవ్వు పోయింది.

“తొక్క నేదా?”

“లేదు.”

“అయ్యో, అదేటి? చోడంబలిలో ఆ తొక్క ఏసి ఉడకబెడితే మా ముసలాడు గిన్నె నాకేస్తాడు. ఏడాదికోపాలి వచ్చే తొక్క కూడా తీసేశారా?”

“నాకు మెత్తదే కావాలి,” అంది ముత్యాలు గట్టిగా. “నాలుగేళ్ళ బట్టి చూస్తన్నాను, ఒక్కసారి అందలేదు. ఎలాగుంటాదో తెల్దు.”

“నాకు పంది ఎయ్యకు బాబూ,” అంది వెనకనుంచి ఇంకొకావిడ. “మొక్కుంది. ఉప్పుకండ ఉంటే ఎయ్యి.”

శౌరి రాస్తూనే ఉన్నాడు. చీటీ నిండిపోతోంది. “ఎవరిది వాళ్ళకి విడిగా, ఆకు దొన్నెల్లో పెట్టాను...”

“దొన్నెల్లోనా?” కాసులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “ఆస్పత్రిలో మందుబిళ్ళల్లాగా?”

“అందరికీ సమానంగా అందాలని.”

“పలకే బాగుంటాది బాబూ. ఏడాదికోపాలి ఆ మేనేజరు పక్కన నిలబడతాను. ‘జరుగు బాబూ’ అంటాను. జరుగుతాడు. మిగతా రోజులన్నీ నేనే కదా జరగాలి. ఆ జరగడం కూడా దొన్నెలో పెట్టి ఇస్తావేటి?”

శౌరి చదివిన దేనిలోనూ ఆ ప్రశ్న లేదు.

“మరి ఆలస్యంగా ఎందుకొస్తారు?” అన్నాడు చివరికి. “విందు గంట కొట్టగానే రావచ్చు కదా. అందరూ తిన్నాక ఎందుకు?”

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముత్యాలు పాలు వంపేసిన క్యానుని కాలితో అతని వైపు నెట్టింది.

“ఇవెవరు కడుగుతారు? నీ పుస్తకమా?”

క్యాన్లు మఠానివి. వేడినీళ్ళు, సోడా వేసి తోమి బోర్లించకపోతే మర్నాటి పాలు విరిగిపోతాయి. పోసినవాళ్ళే కడిగి వెళ్ళాలి, అది రూలు. పదిహేడు క్యాన్లు, ఒకటే తొట్టి. అవి అయ్యేసరికి గంట పడుతుంది.

“ఆ రూలు ఎవరు పెట్టారు?”

“ఏమో,” అంది కాసులమ్మ. “మేమైతే కాదు.”

శౌరి చీటీ జేబులో దోపుకున్నాడు. తర్వాత ఒక్క పరుగున వసారాకి వెళ్ళాడు. అతిథులు ముందు వాకిట్లో కాఫీలు తాగుతున్నారు. అతను దొన్నెలు ఒక్కొక్కటే ఎత్తి పలక మీద కుమ్మరించాడు. మెత్తన, తొక్క, మాంసం, ఉప్పుకండ, ఎవరికీ చెందకుండా కుప్పలుగా పడ్డాయి. కొయ్యకుండా మిగిలిన దిమ్మని మధ్యలో పెట్టి పక్కన కత్తులుంచాడు. చీటీలు పొయ్యిలో వేశాడు.

లూర్దయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. “న్యాయం ఏమైందయ్యా?”

“ఆ మెత్తటివి కొన్ని ఈ అంచున పెట్టండి బ్రదర్. పళ్ళు లేనివాళ్ళకి అందేలా.”

మళ్ళీ కొట్టానికి పరిగెత్తాడు. అప్పటికి మొదటి క్యాను తొట్టిలో పడింది. శౌరి అంగీ చేతులు మోచేతుల దాకా మడిచాడు.

“మీరు వెళ్ళండి. ఇప్పుడు గంట కొడతారు.”

“నీకొచ్చునా?” అంది కాసులమ్మ.

“రాదు. ఒకటి చూపించండి.”

ఆవిడ ఒకటి తోమి చూపించింది. పీచు ఎలా పట్టాలో, మెడ దగ్గర వేలు ఎలా తిప్పాలో, మూత అంచు ఎలా రుద్దాలో. అతను రెండోది తోముతుంటే నిలబడి చూసి, “పరవానేదు,” అంది. అందరూ కొంగులతో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కారు.

గంట మోగింది. పైనుంచి మాటలు, కత్తుల చప్పుడు, పిల్లల కేకలు. వాటి మధ్యలోంచి ఒక పెద్ద గొంతు, “జరుగు బాబూ!” దాని వెనకే గొల్లుమని నవ్వు. అందులో మేనేజరు నవ్వు కూడా ఉందేమో, ఇక్కణ్ణుంచి తెలియలేదు. శౌరికి వెళ్ళి చూడాలనిపించింది. ఇంకా పదకొండు క్యాన్లున్నాయి.

కాసేపటికి ఇన్నాసి స్వామి మెట్లు దిగి వచ్చాడు. పండుగ అంగీ చేతులు మడిచి, తొట్టి ఇవతల రాయి మీద కూర్చుని ఒక క్యాను అందుకున్నాడు. ఇద్దరూ చెరో క్యాను తోమారు.

“స్వామీ,” అన్నాడు శౌరి, తల ఎత్తకుండా. “పోసినవాళ్ళే కడగాలని రూలు ఎవరు పెట్టారు?”

“నేనే.”

శౌరి చెయ్యి ఆగింది.

“ఇరవయ్యేళ్ళ కిందట. అప్పుడు మేం ముగ్గురమే. ఈ చలికి ఇద్దరం మంచం పట్టాం.”

“తర్వాత?”

“తర్వాత తొమ్మిదిమందిమయ్యాం.” ముసలాయన క్యాను ఒంపి నీళ్ళు పారబోశాడు. “వాళ్ళు అడగలేదు. నేను చూడలేదు.”

శౌరి పీచుకి ఇంకొంచెం సోడా అద్దుకున్నాడు.

“రేపు ఇవి ఎవరు కడుగుతారు?”

“నువ్వు బస్సెక్కితే, నేను.”

ముసలాయన ముందున్న క్యాన్లన్నీ శౌరి ఒక్కొక్కటిగా తన వైపు లాక్కున్నాడు. చివరిదాని కోసం ఇద్దరి చేతులూ కాసేపు పెనుగులాడాయి. స్వామి వదిలేశాడు.

లేచి, తడి చేతులు అంగీకి తుడుచుకుని, బోర్లించిన వరుస వైపు ఒకసారి చూశాడు.

“మూతలు వదిలేశావు,” అన్నాడు.