ఐదో మొన

పడుకున్నావా తల్లీ? దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో, మంచు పడుతోంది. వసారాలో ఆ తెల్లగా కదిలేది ఏమిటా అని చూస్తున్నావు కదూ. మన క్రిస్మస్ చుక్కే అది, గాలికి ఊగుతోంది. దాని కథే చెబుతాను, కళ్ళు మూసుకుని విను.

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి సముద్రంలో కలవడానికి ఇంకా రెండు మలుపులు ఉన్నాయనగా, ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి ఆడవాళ్ళు లేసు అల్లేవాళ్ళు. కావలసినదల్లా తెల్ల దారం, కొక్కెం ఉన్న చిన్న సూది. మధ్యాహ్నం అరుగు మీద అందరూ వరసగా కూర్చుంటే, ఒక్కొక్కరి ఒళ్ళో పాలనురుగు పోసినట్టు ఉండేది.

ఆ ఇంటికి ఒక క్రిస్మస్ నక్షత్రం ఉండేది. బజార్లో కొన్నది కాదు, దారంతో అల్లింది. దానికి ఐదు మొనలు. ఒక్కో మొన ఒక్కో మనిషి చేతిది. ఏడాదంతా అవి పెట్టెలో, కలరా ఉండల వాసనలో పడుకునేవి. క్రిస్మస్ ముందు రోజు పొద్దున్నే వాటిని తీసి, పంచదార పాకంలో ముంచి, ఇత్తడి పళ్ళెంలో పరిచి ఎండలో పెట్టేవారు. ఎండకు అవి అప్పడాల్లా బిగిసేవి. అప్పుడు ఐదింటినీ కలిపి కుట్టి, దీపాలవేళకు వసారాలో వేలాడదీసేవారు. చీమలు దిగకుండా తాడుకి పసుపు రాసేవారు.

ఆ నక్షత్రానికి ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడపిల్లకి పెళ్ళయితే తన మొన తాను పట్టుకుపోతుంది. అత్తవారింట్లో ఆ ఒక్క మొనతో ఇంకో నక్షత్రం మొదలవుతుంది. ఇక్కడి ఖాళీలో, ఇంటికి వచ్చిన కోడలు తన మొన అల్లి పెట్టాలి. పెట్టిన రోజు నుంచి ఆమె ఆ ఇంటి మనిషి. అప్పటిదాకా, ఎంత చాకిరీ చేసినా, చుట్టపు చూపుగా వచ్చినట్టే.

ఒక ఏడు వేసవిలో ఆ ఇంటి పెద్దమ్మాయి పెళ్ళయి తన మొన తీసుకుని వెళ్ళింది. అదే వేసవిలో కోడలు వచ్చింది. ఆమె పేరు దీనమ్మ. సముద్రపొడ్డున ఉన్న పల్లె పిల్ల. ఆమె పుట్టింట్లో అందరూ వలలు అల్లేవాళ్ళు. ఆమె పెట్టెలో రెండు చీరలు, ఒక బైబిలు, వల అల్లే వెదురు సూది, అంతే ఉన్నాయి.

డిసెంబరు వచ్చింది. అత్తగారు సంతోషమ్మ దారపు ఉండ తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. "ఎవరి మొన వాళ్ళే అల్లుకోవాలి. ఒకరి చేయి ఇంకొకరు పెట్టకూడదు" అంది. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ మాటలు మహా పొదుపు.

దీనమ్మ ఆ నక్షత్రాన్ని ఎప్పుడూ చూడలేదు. అది పెట్టెలో ఉంది, పెట్టె అత్తగారి గదిలో ఉంది. అందుకని ఆడపడుచు తబితని అడిగింది. తబిత పెట్టెలోంచి తన మొన ఒక్కటీ తెచ్చి చూపించింది. మల్లెమొగ్గలు పేర్చినట్టు సన్నటి లేసు. తనూ అలాంటిదే అల్లాలనుకుంది దీనమ్మ.

మొదటిసారి అల్లింది. వల ముడి బిగించే చెయ్యి కదా, లాగేసరికి దారం పుటుక్కున తెగింది.

ఆ తర్వాత రెండోసారి అల్లింది. ఈసారి భయపడి వదులుగా పట్టుకుంది. అది చేటలా వంకర తిరిగింది. తబిత దాన్ని వేలికి తగిలించుకుని, "వదినా, ఇది చుక్కకా, పిల్లి నెత్తికా?" అని నవ్వింది. పిల్లదానిలో చెడు లేదు, నోరు ఆగదు, అంతే. దీనమ్మ కూడా నవ్వింది. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాత మూడోసారి అల్లింది. విప్పింది, అల్లింది, విప్పింది. తెల్ల దారం కాస్తా వంటింటి గుడ్డలా నల్లబడింది. మొన మాత్రం రాలేదు.

అప్పటికి పండగ రెండు రోజుల్లోకి వచ్చింది. గోడలకి సున్నాలయ్యాయి. గవ్వలు వేయించిన నూనె వాసన వీధి చివరిదాకా పోతోంది. పెనిమిటి ఓదార్చబోయాడు, నాలుగు మొనలతో కట్టినా చుక్క చుక్కేనన్నాడు. దీనమ్మకి ఆ నాలుగు మొనల మధ్య ఖాళీ కనిపించింది. దారిన పోయే ప్రతివాళ్ళూ తల ఎత్తి ఆ ఖాళీనే చూస్తారు. దాని పేరు దీనమ్మ.

ఆ మధ్యాహ్నం పని తెమిలాక చాప మీద కూర్చుని, మనసులోనే ప్రార్థన చేసుకుంది. ప్రభువా, ఈ ఇంట్లో నాకు వేలెడు చోటు ఇయ్యి అని అడిగింది. అలా అడుగుతూ అడుగుతూనే కునుకు పట్టేసింది.

అప్పుడు కల వచ్చింది. సముద్రపొడ్డు. నాన్న వల ఇసక మీద ఆరేసి ఉంది. ఎవరూ లాగకుండానే ఆ వల లేచింది. పల్లె మీదికి లేచింది, తాటిచెట్ల మీదికి లేచింది, ఆకాశమంతా పరుచుకుంది. చూస్తే ముడి ముడికీ ఒక చుక్క. కన్నాల్లోంచి చల్లగాలి వస్తోంది. వల అంచు పట్టుకుని ఎవరో పసిబిడ్డని ఊయల ఊపుతున్నారు. బిడ్డ నిద్రపోతోంది. వల ఊగుతోంది, చుక్కలు ఊగుతున్నాయి, సముద్రం జోల పాడుతోంది. ఒక్క ముడీ జారడం లేదు.

దీనమ్మ కళ్ళు తెరిచింది. ఏమీ ఆలోచించలేదు. పెట్టె తీసి వెదురు సూది తీసుకుంది. దానికి కొత్త దారం చుట్టింది. కిటికీ పక్కన కూర్చుని ముడి మీద ముడి వేసుకుంటూ పోయింది. చేతులు తమ భాష తాము మాట్లాడుకున్నాయి. పొద్దు వాలే లోపల మొన అయిపోయింది.

అప్పుడు దాన్ని చూసుకుంది. చూసుకుని సిగ్గుపడింది. అది లేసు కాదు, చిన్న వల ముక్క. మడిచి తలగడ కింద పెట్టేసింది.

క్రిస్మస్ ముందు రోజు తెల్లవారింది. సంతోషమ్మ పొయ్యి మీద పాకం పెట్టి, పెట్టె తెచ్చింది. అందులోంచి తబిత తన మొన తీసింది, తబిత చెల్లెలు తనది తీసింది. అప్పుడు అత్తగారు కోడలి వంక చూసింది.

"నీదేదమ్మా?"

"అల్లలేకపోయానండీ అత్తగారూ."

"తలగడ కింద ఉన్నదేమిటి మరి?"

దీనమ్మ తల వంచుకుంది. "అది మొన కాదండీ. వల."

సంతోషమ్మ వెళ్ళి తనే తెచ్చింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ముడి ముడీ వేలితో తడిమి చూసింది. పాకం పొంగితే తబిత దించింది. ఆ తర్వాత ఆవిడ పెట్టెలో మిగిలిన రెండు మొనలు తీసి కోడలి అరచేతిలో పెట్టింది.

"దగ్గరగా చూడు" అంది.

దీనమ్మ చూసింది. ఒకటి పాతది, పసుపు తిరిగింది. అందులో దారం కిందా మీదా పడుగు పేకల్లా నడుస్తోంది, అచ్చం బుట్ట అల్లినట్టు.

"అది మా అత్తగారిది. ఆవిడ పుట్టింట్లో బుట్టలు అల్లేవాళ్ళు. ఆ రెండోది నాది. మా నాన్న నులక మంచాలు అల్లేవాడు."

రెండో మొనకి నిజంగానే నులక మంచం గళ్ళు ఉన్నాయి.

"లేసు ఈ ఇంట్లో పుట్టిన పిల్లలది" అంది సంతోషమ్మ. "మనం వచ్చినవాళ్ళం. ఎవరి మొన వాళ్ళదని అందుకే అన్నాను. మా అత్తగారు నాకు ఇంతకంటే చెప్పలేదు, నేనూ నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు విప్పేసిన దారం చూసి మూడు రోజులు నాకూ ముద్ద దిగలేదు. నిన్న కిటికీలోంచి నీ చేతులు చూశాకే స్థిమితపడ్డాను."

ఆ తర్వాత ఆ వల మొనని తన చేత్తోనే పాకంలో ముంచింది. పశువుల పాకకి గొర్రెల కాపరులు వచ్చారు, తూర్పు నుంచి జ్ఞానులు వచ్చారు, ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళు పట్టుకొచ్చారు, బిడ్డ ఎవరినీ వెనక్కి పంపలేదు అని పాకంతో మాట్లాడుతున్నట్టు అంది.

తబిత ఊరుకుంటుందా? వేలికి అంటిన పాకం నాక్కుంటూ, "వదినా, దీంట్లో చేపలు పడతాయా?" అంది.

"చేపలు పడవు తబితా, చుక్కలు పడతాయి" అంది దీనమ్మ. ఆ ఇంటికి వచ్చాక ఆమె ఎదురు జవాబు చెప్పడం అదే మొదలు. అత్తగారు మూతి కొంగుతో కప్పుకుంది గానీ, భుజాలు కదలడం అందరికీ కనిపించింది.

దీపాలవేళకి చుక్క ఎక్కింది. దాని వెనక లాంతరు పెట్టారు. పాటల వాళ్ళు వచ్చి దాని కింద నిలబడ్డారు. గోడ మీద నీడ పడింది. ఒక మొన బుట్టగా, ఒక మొన మంచంగా, రెండు మొనలు మల్లెలుగా, ఒక మొన వలగా. పాట పాడుతుంటే ఆ నీడ మెల్లగా ఊగింది. దీనమ్మ గుమ్మం లోపల నిలబడి చూసింది. చుట్టం నిలబడే చోట కాదు తల్లీ, ఇంటివాళ్ళు నిలబడే చోట.

ఆ దీనమ్మే మా అత్తగారు. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నా ఒళ్ళో దారపు ఉండ పెట్టి, ఇంకేమీ చెప్పలేదు. మా పుట్టింట్లో పూలమాలలు కట్టేవాళ్ళు. రేపు పొద్దున్న ఎండలో చూసి, నా మొన ఏదో నువ్వే కనిపెట్టు. ఇప్పుడు కళ్ళు మూసుకో మరి.

కథేమో కంచికి సాగె,
చుక్కేమో చూరున ఊగె,
మనమెటు పోవాలి తల్లీ?
మనమిక ఇంట్లోనె ఉన్నాం.