గుమ్మం దాటని లడ్డూ

కుంభవరం రాజుగారికి కాళ్లు వాచాయి. "లడ్డూలు పూర్తిగా మానెయ్యండి ప్రభూ" అన్నాడు వైద్యుడు సోమనాథం.

"మానడం నావల్ల కాదు. మితంగా, రోజుకు ఒక్కటే తింటాను" అని రాజు నిండు సభలో ఒట్టేశాడు.

నెల తిరిగేసరికి వాపు రెట్టింపయింది. "తినేది ఒక్కటేగా! నీ వైద్యమే తప్పు. రేపటికి తగ్గకపోతే చెరసాలే!" అని రాజు మండిపడ్డాడు. ఒక్క లడ్డూకి ఇంత వాపేమిటో అర్థంకాక సోమనాథానికి బుర్ర తిరిగిపోయింది.

వంటమనిషి సూరమ్మకు మాత్రం సంగతి తెలుసు. నిమ్మకాయంత ఉండే లడ్డూ రాజుగారి హుకుం మీద కొబ్బరికాయంతై, గుమ్మడికాయంతైంది. మర్నాడూ "ఇంకా పెద్దది" అనే కబురొచ్చింది. సూరమ్మ చుట్టిన లడ్డూ వంటింటి గుమ్మంలో పట్టలేదు.

లడ్డూ ఎంతకీ రాకపోయేసరికి రాజు వైద్యుణ్ణి వెంటబెట్టుకుని కుంటుతూ వంటింటి దగ్గరికి వచ్చాడు. "ముక్కలు చేసి తీసుకురా."

"ముక్కలైతే ఒక్కటెలా అవుతుంది ప్రభూ? ఒట్టేశారు కదా!" అంది సూరమ్మ.

"పోనీ, నేనే లోపలికొచ్చి కాస్త కొరుక్కుంటాను."

"కాస్త చాలనుకుంటే నిమ్మకాయంత దగ్గరే ఆగేవారు కదండీ!"

రాజు లడ్డూని చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. "సోమనాథం, ఇప్పుడు నేను మితంగా తింటున్నట్టా, మానేసినట్టా?"

వైద్యుడు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"అది తేలేసరికి చల్లారిపోతుంది," అంటూ సూరమ్మ జొన్నజావ గిన్నె రాజు చేతిలో పెట్టింది. "ముందు ఇది తాగండి."